కోర్డ్‌లో వారం రోజులు: ఒక పాత రాతి ఇంటిని అద్దెకు తీసుకున్న నా అనుభవం

ఆ ఇంటి వివరాల పత్రంలో మూడో పేజీ చివర ఒక చిన్న వాక్యం ఉంది: ‘పై అంతస్తుకు రాతి చుట్టుమెట్లు, మొత్తం 19, పట్టుకోవడానికి ఒక పక్క తాడు మాత్రమే.’ ఇంటి యజమానురాలు పంపిన పన్నెండు ఫోటోలలో దూలాల కప్పు ఉంది, గోడలో చలిమంట గూడు ఉంది, జంట కిటికీలలోంచి కనిపించే లోయ ఉంది, ఆ మెట్లు మాత్రం ఎక్కడా లేవు. మోకాలికి శస్త్రచికిత్స జరిగి ఏడాది కూడా నిండని మా నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్ళవలసిన మాకు మిగతా పత్రమంతా ఒక ఎత్తు, ఆ ఒక్క వాక్యం ఒక ఎత్తు. ఆవిడకు నేను రాసిన మొదటి ఉత్తరం ఆ మెట్ల గురించే.

మేము ఆరేళ్ళుగా దక్షిణ ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో ఉంటున్నాం. అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చినప్పుడు వాళ్ళను ఒక పాత ఊళ్ళో వారం రోజులు ఉంచాలని నాకు ఎప్పటినుంచో కోరిక. హోటలు అంటే అమ్మ ఒప్పుకోదు. పొద్దున తన చేతి కాఫీ, మధ్యాహ్నం అన్నం, చారు లేకపోతే ఎంత అందమైన ఊరైనా ఆమెకు పరాయిగానే ఉంటుంది. వంటగది ఉన్న ఇల్లు కావాలి, ఆ ఇల్లు పాతదై ఉండాలి, కారులో రెండు గంటల లోపు దూరంలో ఉండాలి. ఈ మూడూ కుదిరిన ఊరు కోర్డ్ సుర్ సియెల్. తులూజ్‌కు ఈశాన్యంగా సుమారు 80 కిలోమీటర్లు, అల్బి పట్టణానికి 25 కిలోమీటర్లు.

ఊరి చరిత్ర ఇక్కడ కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ ఇల్లు అలా ఎందుకుందో దాన్నిబట్టే అర్థమవుతుంది. కాథర్ అనే క్రైస్తవ శాఖను అణచడానికి కాథలిక్ చర్చి పిలుపుతో 1209లో మొదలైన అల్బీజువా మతయుద్ధం ఈ ప్రాంతాన్ని అతలాకుతలం చేస్తున్న రోజుల్లో, తులూజ్ ప్రభువు ఏడవ రేమోఁ 1222లో ఈ కొండమీద ఊరు కట్టించి ప్రాకారం వేయించాడు. చెదిరిపోయిన జనానికి తలదాచుకునే చోటుగా మొదలైన ఊరు, తోళ్ళు, బట్టలు, రంగుల వ్యాపారంతో వందేళ్ళు తిరిగేసరికి ధనవంతమైంది. నడివీధిలో ఈనాటికీ నిలిచి ఉన్న, మొనదేలిన కమానుల గోతిక్ శైలి రాతి మేడలు ఆ వర్తకులవే. వాటిలో ఒకదాని ముఖభాగం మీద వేట దృశ్యం, గుర్రమెక్కిన వేటగాడు, పరుగెత్తే అడవిపంది, శిల్పాలుగా చెక్కి ఉన్నాయి. చాలాకాలం ఊరి పేరు కోర్డ్ మాత్రమే. ఆకాశం మీది కోర్డ్ అనే అర్థంలో ‘సుర్ సియెల్’ అధికారికంగా చేరింది 1993లో. వర్తకుల ఇళ్ళకు కింది అంతస్తు అంగడి, వీధివైపు కమానులు, కాపురమంతా పైన. కాబట్టి అలాంటి ఇల్లు అద్దెకు తీసుకుంటే మెట్లు ఎక్కక తప్పదు.

ఇల్లు వెతకడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఫ్రాన్సులో సెలవుల ఇళ్ళకు ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తారు, ఆ వర్గీకరణ ఐదేళ్ళు చెల్లుతుంది. ఇవి కాక, 1955లో ఏర్పడిన జీత్ ద ఫ్రాన్స్ అనే సంస్థ తన ఇళ్ళకు గోధుమ వెన్నుల గుర్తు ఇస్తుంది. రెండూ ఉపయోగపడేవే, కానీ అవి ప్రధానంగా లెక్కపెట్టేది వైశాల్యం, సామగ్రి, సౌకర్యాలు. పాత ఇంటి స్వభావం నక్షత్రాలలో తెలియదు. గుమ్మం ఎత్తు, మెట్ల వెడల్పు, గోడల మందం, ఎండ ఏ పక్కనుంచి పడుతుందన్నది మనమే అడిగి తెలుసుకోవాలి. వెతుకులాటలో ఒక ప్రకటన చాలా చవకగా కనిపించింది. ఇల్లు కోర్డ్‌లోదే అయినా డబ్బు మాత్రం వేరే దేశపు ఖాతాకు ముందే పంపమన్నారు, ఒప్పందం తర్వాత చూద్దామన్నారు. ఇక్కడి చట్టం ప్రకారం సెలవుల ఇంటికి రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి, దానితో పాటు అద్దె మొత్తాన్నీ ఇంటి వివరాల పత్రాన్నీ ఇవ్వాలి. అవి ఇవ్వనంటే ఇల్లు ఎంత బాగున్నా వదిలేయవలసిందే. మేము వదిలేశాం.

చివరికి కుదిరిన ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన పెద్దావిడ. మెట్ల గురించి నా ఉత్తరానికి ఆవిడ మర్నాడే ఫోను చేశారు. ప్రతి మెట్టు ఎత్తు కొలిచి చెప్పారు. కొన్ని 18 సెంటీమీటర్లు, కొన్ని 21. తరతరాల అడుగులకు మధ్యలో అరిగి పల్లంగా ఉంటాయని, వాన రోజుల్లో మొదటి మూడు మెట్లు చెమ్మగా ఉంటాయని దాచకుండా చెప్పారు. ఒకప్పటి అంగడి గదిలో మంచం వేయించగలనని, స్నానాలగది కూడా కిందే ఉందని, అలాగైతే మీ నాన్నగారు రోజుకు ఒక్కసారి ఎక్కి ఒక్కసారి దిగితే సరిపోతుందని ఆవిడే దారి చూపించారు. రెండో వైపు కూడా ఒక పట్టుకమ్మీ బిగించవచ్చు కదా అని అడిగాను. చేయి గోడకు ఆనించి దిగడమే క్షేమమని, కమ్మీ వస్తే ఆ ఇరుకులో భుజాలు పట్టవని అన్నారు. అదే మాటల్లో ఇంకో సంగతి తెలిసింది. రక్షిత కట్టడానికి 500 మీటర్ల లోపు ఉన్న ఇళ్ళకు బయటివైపు ఏ మార్పు చేయాలన్నా, కిటికీ తలుపు మార్చినా సరే, వారసత్వ కట్టడాల ప్రభుత్వ వాస్తుశిల్పి అభిప్రాయం తీసుకోవాలి. కోర్డ్‌లో అడుగడుగునా రక్షిత కట్టడమే. కాబట్టి ఆవిడ ఇంటికి ఎయిర్ కండిషనర్ లేదు, కిటికీలకు ప్లాస్టిక్ చట్రాలు లేవు, వీధి గుమ్మానికి ర్యాంపు లేదు.

నాన్నగారికి మెట్ల లెక్కంతా చెప్పాను. ఆయన డాక్టరుగారితో మాట్లాడి, రోజుకు ఒక్కసారైతే పరవాలేదని తేల్చుకుని, ‘ఉన్నదున్నట్టు చెప్పి మరీ ఇస్తున్నారమ్మా, తీసుకో’ అన్నారు.

ఒప్పందం నాలుగు పేజీలు. అందులో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసింది ముందు కట్టే డబ్బుకు ఏ పేరు పెట్టారన్నది. ఫ్రెంచిలో దానికి రెండు మాటలున్నాయి. ‘ఆర్’ అని రాస్తే అది మన బయానా లాంటిది: మనం మానుకుంటే ఆ డబ్బు పోతుంది, ఇంటివాళ్ళు మానుకుంటే రెట్టింపు తిరిగి ఇవ్వాలి. ‘అకోంత్’ అని రాస్తే బేరం ఖాయమైపోయినట్టు. మనం మానుకున్నా మిగతా అద్దె కూడా అడిగే హక్కు వాళ్ళకుంటుంది. వస్తువులు దూరంనుంచి కొన్నప్పుడు దొరికే 14 రోజుల వెనక్కి తీసుకునే గడువు, తేదీలు నిర్ణయించుకున్న బసకు వర్తించదు. పెద్దవాళ్ళతో ప్రయాణం, ఎప్పుడు ఏమవుతుందో తెలియదు కాబట్టి, నేను ‘ఆర్’ అన్న మాటే ఉండాలని అడిగాను. ఆవిడ మొదటినుంచీ అదే రాశారు. వారం అద్దె 640 యూరోలు, అందులో నాలుగో వంతు, అంటే 160, బయానాగా పంపాం. మిగతాది రావడానికి నెల ముందు. పాడైన వాటికి హామీగా 400 యూరోల చెక్కు, దాన్ని బ్యాంకులో వేయకుండా దగ్గర పెట్టుకుని, అన్నీ సరిగ్గా ఉంటే తిరిగి ఇస్తారు. ఇవి కాక పెద్దవాళ్ళకు తలా రాత్రికి ఇంతని ఊరికి కట్టే బస పన్ను ఉంటుంది. 18 ఏళ్ళ లోపు పిల్లలకు అది లేదు. దుప్పట్లు, తువ్వాళ్ళు మనమే తెచ్చుకోవాలి, లేదా విడిగా అద్దె కట్టాలి. కరెంటు రోజుకు 8 యూనిట్ల వరకు అద్దెలోనే, పైబడితే అదనం. మా ఇంటి బీమాలో సెలవుల బసకు కూడా రక్షణ ఉందని కాగితం తెప్పించి జతచేశాను. అది చాలామంది ఇంటి బీమాలో ముందే ఉంటుంది, అడిగితే ఉచితంగానే ఇస్తారు.

ఒప్పందానికి చివర, ఆవిడ సొంత దస్తూరీతో రాసిన ఒక పేజీ ఉంది. ‘రాయి మీద వెనిగరు, నిమ్మరసం, బ్లీచి, ఏదీ పోయకండి. మరక పడితే నాకు చెప్పండి, రుద్దకండి.’ ఆ మాటల కింద రెండు గీతలు గీశారు.

వేసవిలో అయితే ఇక్కడ చాలా ఇళ్ళు శనివారం నుంచి శనివారం వరకే ఇస్తారు. మేము వెళ్ళింది సెప్టెంబరు చివర్న, అయినా శనివారమే కుదిరింది. శనివారం ఉదయం కొండ దిగువన సంత ఉంటుంది కాబట్టి కారు పెట్టడానికి చోటు దొరకదని, సాయంత్రం నాలుగు దాటాక రమ్మని ఆవిడ ముందే చెప్పారు. ఊరి పై భాగంలో వీధులు గుండ్రాళ్ళు పరిచిన నిటారు దారులు. మా వారు సామాను దించడానికి వీలైనంత పైదాకా కారు తీసుకెళ్ళి, మళ్ళీ కిందికి దిగి నిలిపి వచ్చారు. చక్రాల సూట్‌కేసులు ఆ రాళ్ళమీద దొర్లవు, చేత్తో మోయవలసిందే. వెళ్ళేవాళ్ళు భుజాన వేసుకునే సంచులు తీసుకెళితే సుఖపడతారు.

ఇల్లు అప్పగించేటప్పుడు ‘ఎతా దె ల్యో’ అని ఉన్నదున్నట్టు రాసుకునే పద్ధతి ఉంది. నేను దాన్ని తంతుగా అనుకోలేదు, గంట సేపు పట్టింది. పాత ఇంట్లో ప్రతిదీ కొంత అరిగి, కొంత పగిలి, కొంత వంగి ఉంటుంది. ఏది ఎనిమిది వందల ఏళ్ళదో, ఏది నిన్నటిదో తేడా తెలియాలంటే కాగితం మీద ఉండాలి. నేలమీది ఎర్రటి ఆరుపలకల మట్టి పెంకుల్లో పగుళ్ళున్నవి ఏడు. గది మూల నుంచి లెక్కపెట్టి ఏ వరసలో ఎన్నోదో రాశాం. వెన్నెల రంగు గాజుపలకలో చిన్న బుడగ రాశాం. కరెంటు మీటరు అంకె రాశాం. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేత్తో రాతిని ఒకసారి నిమిరి, ‘మరకలు లేవు’ అని రాసి, నా చేత కూడా తడిమించి సంతకం చేయించారు.

ఆ కిటికీ గురించే చెప్పాలి. గోడ మందం నా రెండు మూరలకు పైనే ఉంటుంది. ఆ మందంలోనే కిటికీకి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా రెండు రాతి పీటలు చెక్కి వదిలారు. వెలుతురు దగ్గరగా కూర్చుని కుట్టుకోవడానికి, లెక్కలు రాసుకోవడానికి, వీధి చూడటానికి ఆనాటివాళ్ళు చేసుకున్న ఏర్పాటు. నాన్నగారు మొదటిరోజు పైకి ఎక్కి, కాస్త ఆయాసం తీర్చుకుని, అందులో కూర్చుని, ‘ఇది అరుగే కదమ్మా, మన ఇంటి అరుగు మేడమీదికి ఎక్కినట్టుంది’ అన్నారు. ఆ వారమంతా మేము దాన్ని కిటికీ అరుగు అనే పిలిచాం. తెల్లవారుజామున కింద లోయలో మంచు పేరుకుని, ఊరొక్కటే దానిపైకి తేలినట్టు ఉంటుంది. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని ఆ అరుగుమీద కూర్చుంటే కింద లోయ కనిపించేది కాదు. తెల్లటి మంచు, దాని అంచున చర్చి గంట శబ్దం. మంచు విడిపోయి మొదటి చెట్టు కొస కనిపించేదాకా ఆమె అక్కడినుంచి కదిలేది కాదు.

వంట దగ్గర ఒక ఇబ్బంది వచ్చింది, దాన్ని ముందే ఆలోచించకపోవడం నా తప్పు. వివరాల పత్రంలో ఇండక్షన్ పొయ్యి అని స్పష్టంగా ఉంది. అమ్మ తెనాలి నుంచి మోసుకొచ్చింది అల్యూమినియం కుక్కరు. అయస్కాంతం అంటుకోని గిన్నెను ఆ పొయ్యి గుర్తించదు. అన్నం ఆ ఇంటి మందపాటి ఇనుప గిన్నెలో వార్చుకున్నాం, పప్పు రాత్రి నానబెట్టి పొద్దున ఉడకబెట్టుకున్నాం. పొయ్యి, నీళ్ళ కెటిలు, హీటరు మూడూ ఒకేసారి వేస్తే కరెంటు పోయేది. రెండోరోజుకే ఏది ఆపి ఏది వేయాలో అమ్మకు అలవాటైంది. పాత ఇంటికి తీసుకున్న కరెంటు లోడు తక్కువగా ఉంటుందని, ఇది తప్పకుండా అడగవలసిన విషయమని ఇప్పుడు తెలిసింది.

పగటిపూట ఊరు చూశాం. నడిబజారులోని సంత మండపం ఎనిమిది పలకల రాతి స్తంభాల మీద నిలిచి ఉంటుంది, దాని పక్కనే 100 మీటర్లకు పైగా లోతున్న బావి. కొండమీద ముట్టడి పడితే నీళ్ళకు ఇబ్బంది కలగకుండా రాతిని తొలిచి తవ్విన బావి అది. నాన్నగారు చేనేత సహకార సంఘంలో ముప్పై ఏళ్ళు లెక్కలు చూసినవారు కాబట్టి, ఆయనకు ఊళ్ళో అన్నిటికన్నా రంగుల సంగతి పట్టింది. ఈ ప్రాంతానికి డబ్బు తెచ్చిపెట్టినవాటిలో పాస్టెల్ అనే మొక్క ఆకుల్నుంచి తీసే నీలం రంగు ఒకటి. సముద్రమార్గాన భారతదేశపు నీలిమందు చవకగా రావడం మొదలయ్యాక ఆ వ్యాపారం దెబ్బతిన్నది. మచిలీపట్నం రేవు నుంచి నీలిమందు ఓడలెక్కిన కాలం గురించి తెలిసిన ఆయన, ఆ వర్తకుల మేడల ముందు చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. ‘అక్కడ మనవాళ్ళు రంగు అద్దుతుంటే ఇక్కడ వీళ్ళ పొయ్యి ఆరిందన్నమాట’ అని మాత్రం అన్నారు.

మంగళవారం మధ్యాహ్నం అమ్మ పులిహోర కలిపింది. గాలికి ఆరుతుందని పళ్ళెం తీసుకెళ్ళి కిటికీ అరుగుమీద పెట్టింది. పళ్ళెం తీసేటప్పుడు అంచునుంచి పసుపు నూనె కారి, అరచేతి వెడల్పున ఇసుకరాయి మీద ఇంకిపోయింది. ఆ రాయి నీళ్ళను పీల్చినట్టు నూనెను పీలుస్తుంది; నేను గుడ్డతో అద్దేసరికే లోపలికి పోయింది. 400 యూరోల చెక్కు అప్పుడు గుర్తుకు రాలేదు. ఇన్ని తరాలు కూర్చున్న అరుగు మా చేతుల్లో పాడైందన్న బాధతో నాకు చెమటలు పట్టాయి. అమ్మ నిమ్మచెక్క అందుకోబోయింది, ఆవిడ రాసిన కాగితం గుర్తొచ్చి ఆపాను. వెంటనే ఫోటో తీసి ఆవిడకు పంపి, జరిగింది జరిగినట్టు రాశాను. నూనె మీద పిండిలాంటి బంకమట్టి పొడి చల్లి రాత్రంతా ఉంచమని, ఆ మట్టి డబ్బా సింకు కింద ఉందని జవాబు వచ్చింది. నూనె చాలావరకు తేలింది, పసుపు మాత్రం మిగిలింది. ‘పసుపుకు మందు ఎండే’ అంది అమ్మ. బట్టలమీది పసుపు మరకను ఎండలో వేసి పోగొట్టడం మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. ఆ సంగతి ఆవిడకు రాస్తే, ఎండ రాతికి ఏ హానీ చేయదు, అలాగే చేయండి అన్నారు. కిటికీ దక్షిణానికి ఉండటం మా అదృష్టం. బుధవారం నుంచి శుక్రవారం దాకా ఆ చెక్క తలుపులు పూర్తిగా తెరిచి ఉంచాం, అరుగుమీద ఎవరం కూర్చోలేదు. రోజురోజుకూ ఆ పసుపు నిమ్మపండు రంగుకు, ఆ తర్వాత పాత కాగితం రంగుకు తిరిగింది.

శనివారం ఉదయం పది గంటలకు తాళాలు అప్పగించాలి. శుభ్రం చేయించడానికి 70 యూరోలు కట్టవచ్చు, లేదా మనమే చేయవచ్చు. అమ్మ రాత్రే మొత్తం తుడిచి, పొయ్యి అద్దంలా చేసింది. ఆవిడ వచ్చి మొదట మీటరు చూశారు: పరిమితి మీద 15 యూనిట్లు ఎక్కువ, 3 యూరోల 75 సెంట్లు. తర్వాత పెంకులు లెక్కపెట్టారు, ఏడు పగుళ్ళు ఏడే ఉన్నాయి. కిటికీ దగ్గరికి వచ్చి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది, ఏమంటారోనని ఆమె కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. ఆవిడ వేలితో రాతిని తడిమి, కాసేపు వెలుతురుకు పక్కగా జరిగి మళ్ళీ చూసి, చెక్కు తీసి నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత ‘ఎతా దె ల్యో’ కాగితం మీద ‘మరకలు లేవు’ అన్న మాటను కొట్టివేసి, దాని పక్కన తేదీ వేసి, ‘తూర్పు పక్క పీట మీద లేత పసుపు ఛాయ’ అని రాసి, సంతకం చేయడానికి కలం అమ్మకు ఇచ్చారు. అమ్మ తెలుగులో సంతకం చేసింది.